సింకు కింది చెత్త గ్రైండర్ ఇరుక్కుంటే: చెయ్యి పెట్టకుండా విడిపించే పద్ధతి

సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నం మా సింకు ఆగింది. చింతపండు సద్ది, నువ్వుల సద్ది, పెరుగు సద్ది గిన్నెలకెత్తి, బాసాన్లు కడుగుతూ డిస్పోజర్ బటన్ నొక్కాను. సింకు మూతి కింద బిగించి, చెత్తను నలిపి నీళ్లతో పాటు పైపులోకి పంపే గ్రైండర్‌నే డిస్పోజర్ అంటారు. రోజూ గరగరమని తిరిగేది, ఆ రోజు ‘గూఁ...’ అని ఒకటే మూలుగు. ‘బిడ్డా, నీ చెత్త మిక్సీకి పాణం వోయేటట్టుంది, బంద్ జెయ్యి ముందుగాల’ అని అత్తమ్మ హాల్లోంచి అరిచింది. నేను చెప్పబోయే పనులన్నిటిలో మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది ఆమె అప్పుడే చెప్పేసింది.

పండుగ పూట ప్లంబర్ దొరకడమే గగనం. దొరికినాయన సింకు కిందికి తల పెట్టి చూసి, ‘అక్కా, గిది కరెంటుది, నా పని కాదు’ అన్నాడు. ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేస్తే ‘సింకుదా? గది పైపుల పని గదా’ అన్నాడు. హన్మకొండ, కాజీపేటల్లో ఈ యంత్రం పెట్టుకున్న ఇళ్లు తక్కువే. బిగించేవాళ్లు దొరికినంత సులువుగా బాగుచేసేవాళ్లు దొరకరు. అటు బతుకమ్మతో పద్మాక్షి గుట్టకు బయల్దేరే టైమవుతోంది. చివరికి నేనే కింద కూర్చున్నాను. దాదాపు ముప్పావు గంట పట్టింది. అందులో సగం సరైన కీ కోసం వెతుకులాటే. పద్ధతి తెలిస్తే ఇరవై నిమిషాల పని.

లోపల ఏముంటుందో తెలిస్తే సగం భయం పోతుంది

అందరూ దీన్ని మిక్సీ అనుకుంటారు. లోపల మిక్సీ లాగా కత్తులుంటాయని, ఐసు వేస్తే అవి పదునెక్కుతాయని చెప్పుకుంటారు. అసలు కత్తులే ఉండవు. అడుగున గుండ్రటి స్టీలు పళ్లెం ఒకటి తిరుగుతుంది. దాని మీద మేకు చుట్టూ అటూ ఇటూ ఊగే రెండు మొద్దు ముక్కలుంటాయి. పళ్లెం తిరిగితే చెత్త అంచుకు విసిరినట్టు పోతుంది. అంచు చుట్టూ రంపపు పళ్లలాంటి గరుకైన వలయం ఉంటుంది. ఊగే ముక్కలు చెత్తను ఆ వలయానికేసి రుద్దితే అది నలిగి, సందుల్లోంచి నీళ్లతో పాటు పైపులోకి జారుతుంది. అంటే ఇది మిక్సీ కన్నా మన ఇసుర్రాయికి దగ్గరి చుట్టం. అమెరికాలోని రేసీన్ ఊళ్లో జాన్ హామెస్ అనే ఆర్కిటెక్ట్ 1927లో తయారుచేసినప్పటి నుంచీ నలిపి తోసేయడమే దీని పని.

పళ్లేనికీ వలయానికీ మధ్య సందు చాలా సన్నం. గట్టి గింజో, ఎముక ముక్కో, చెంచా కొసో ఆ సందులో చిక్కితే పళ్లెం బిగుసుకుంటుంది. మోటారు తిప్పాలని చూస్తుంది, తిప్పలేదు. జామ్ అంటే ఇంతే. మోటారు చెడిపోలేదు. మనం చెడగొట్టకుండా ఉంటే చాలు.

ముందు చెవి పెట్టండి

ఏ పనిముట్టూ తీయకముందే శబ్దాన్ని బట్టి రోగం తేల్చుకోవచ్చు.

‘గూఁ’ అని మూలుగుతుంది గానీ తిరగదు అంటే ఏదో ఇరుక్కున్నట్టు. పొలం దగ్గర ఒక ఫేజు పోయి బావి మోటారు గుయ్యిమంటే రైతు ఉరికి స్టార్టర్ ఎందుకు బంద్ చేస్తాడో మనకు తెలుసు. కరెంటు అందుతున్నా తిరగలేకపోతున్న మోటారు మామూలు కన్నా నాలుగైదు రెట్లు కరెంటు గుంజుతుంది. ఆ వేడికి వైండింగ్, అంటే మోటారు లోపలి తీగచుట్టు, కాలిపోతుంది. ఇక్కడా అంతే. ‘ఇంకోసారి చూద్దాం, ఇంకోసారి చూద్దాం’ అని బటన్ నొక్కుతూ పోతే పది రూపాయల గింజకు మోటారే బలి.

అసలు చప్పుడే లేదంటే లోపలి రక్షణ స్విచ్ పడిపోయి ఉండాలి, లేదా ఇంటి ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే బోర్డు స్విచ్) ట్రిప్ అయి ఉండాలి. తిరుగుతోంది గానీ నీళ్లు దిగడం లేదంటే గ్రైండర్ తప్పేమీ లేదు, పైపు మూసుకుపోయింది. తిరుగుతూ కణకణమంటే ఏదో లోహపు ముక్క గెంతుతోంది.

ఇంకొకటుంది. ఎండాకాలం సాయంత్రాలు లో వోల్టేజీ వచ్చినప్పుడు లోపల ఏమీ ఇరుక్కోకున్నా ఈ మోటారు మూలుగుతుంది. లైట్లు మందంగా వెలుగుతున్నాయా, ఫ్యాను నీరసంగా తిరుగుతోందా అని ఒకసారి చూసుకోండి. అదే కారణమైతే దేన్నీ విప్పకుండా, వోల్టేజీ కుదుటపడ్డాక ప్రయత్నించండి.

ఒకటి: కరెంటు తీసేయాలి

స్విచ్ ఆపడం చాలదు. సింకు కింద ప్లగ్గు ఉంటే పీకి పక్కన పెట్టాలి. ప్లగ్గు లేకుండా నేరుగా వైరు కలిపి ఉంటే ఎంసీబీ దించాలి. చాలా ఇళ్లలో బటన్ వంటగది గట్టు మీదే ఉంటుంది. చెయ్యి తడిగా ఉన్నా షాక్ కొట్టకుండా గాలితో పనిచేసే బటన్ అది. పిల్లలకు దాన్ని టక్కుమని నొక్కడం సరదా. ఒకరు సింకులో వంగి చూస్తుండగా ఇంకొకరు ఆ బటన్ నొక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే ప్లగ్గు పీకందే రెండో పనికి పోవద్దు.

ప్లగ్గు పీకినా సరే, చెయ్యి మాత్రం లోపల పెట్టకూడదు. ఆ వలయం అంచులు గరుకు, పైగా లోపల పగిలిన గాజు ముక్క ఉందో ఏమో పైనుంచి కనబడదు.

రెండు: యాసిడ్ పోయకండి

సింకు ఆగితే మన దగ్గర మొదట గుర్తొచ్చేది యాసిడ్ సీసానో, తెల్ల గుళికల పొట్లమో. ఇరుక్కున్న గింజను అవేవీ కరిగించవు. పైగా లోపలి రబ్బరు సీళ్లు పాడవుతాయి, ఆ నీళ్లు అక్కడే నిలుస్తాయి, తర్వాత మనం కదిలించినప్పుడు మొహానికి చిమ్ముతాయి. ఇప్పటికే పోసేసి ఉంటే కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. వచ్చిన పనివాడికి కూడా ఆ మాట ముందే చెప్పండి.

మూడు: నీళ్లు తోడి, టార్చితో చూడాలి

సింకులో నీళ్లు నిలిచి ఉంటే మగ్గుతో తోడేయండి. మూతి దగ్గర నల్లటి రబ్బరు రెక్కలుంటాయి. కొన్నిటిలో అది పైకి లాగితే వచ్చేస్తుంది, కొన్నిటిలో రాదు. రాకపోతే చెంచా కాడతో రెక్కలు పక్కకు నొక్కి టార్చి కొట్టండి. సెల్‌ఫోన్ లైటు కూడా సరిపోతుంది. కానీ ఫోనును సింకు మీదికి వంచి పట్టుకోకండి, దాన్ని ఎవరికైనా ఇచ్చి పక్కనుంచి చూపించమనండి.

కనబడితే పట్కారుతో తీయొచ్చు. పొడుగు పట్కారు, రొట్టెలు తిప్పేది, చాలా పనికొస్తుంది. చాలాసార్లు మొదట కనిపించేది అసలు నేరస్థుడు కాదు. పైన పేరుకున్న పీచు, తొక్కలు తీస్తే గానీ అడుగున ఉన్నది బయటపడదు. మా దాంట్లో పైన గునుగు కాడల ముక్కలు, తంగేడు రెమ్మల పీచు ఉండలు చుట్టుకుని ఉన్నాయి. బతుకమ్మ పేర్చిన తాంబాళం అదే సింకులో కడిగాం మరి.

నాలుగు: కింది నుంచి తిప్పడం

అసలు కిటుకు ఇక్కడుంది. గ్రైండర్ అడుగు భాగాన, సరిగ్గా నడిమధ్యన, ఆరు పలకల చిన్న గుంత ఉంటుంది. అది నేరుగా మోటారు ఇరుసులోకి పోతుంది. అందులో ఎలన్ కీ, అంటే ఒక చివర వంగిన ఆరు పలకల కడ్డీ, పెట్టి తిప్పితే పైన పళ్లెం కూడా తిరుగుతుంది.

ఈ కీ యంత్రంతో పాటే డబ్బాలో వస్తుంది. బిగించిన రోజే అట్టపెట్టెతో సహా పాత సామాన్లవాడికి పోతుంది. మా ఇంట్లో అదే జరిగింది. ఇంట్లో ఉన్న సెట్టులోంచి 6 మిల్లీమీటర్లది పెట్టి తిప్పితే జారుతోంది. బలంగా తిప్పితే గుంత పలకలు అరిగిపోయేట్టున్నాయి. చాలా మోడళ్లకు కావల్సింది పావు ఇంచు కీ, అంటే 6.35 మిల్లీమీటర్లు. ఆ చిన్న తేడానే జారిపోయేట్టు చేస్తుంది. స్టేషన్ రోడ్డులో తెరిచి ఉన్న ఒక హార్డ్‌వేర్ దుకాణంలో ‘రెండు సూతులదా అక్కా?’ అని అడిగి తీసిచ్చారు. ఒక సూతు అంటే ఇంచులో ఎనిమిదో వంతు, కాబట్టి పావు ఇంచు అంటే రెండు సూతులు. దుకాణంలో ఆ లెక్కనే అడగండి, వెంటనే అర్థమవుతుంది.

కీ గుంతలో పూర్తిగా దిగాక, ముందు ఒకవైపు మెల్లగా నొక్కండి. కదలకపోతే రెండోవైపు. మళ్లీ మొదటివైపు. బండి బురదలో దిగబడితే ముందుకూ వెనక్కూ ఊపి తీస్తాం కదా, అచ్చం అలాగే. ఒకేవైపు బలమంతా పెడితే గింజ ఇంకా లోతుకు కూరుకుపోతుంది. నాకు మొదట వేలెడంత కూడా కదల్లేదు, తర్వాత కాస్త కదిలింది, ఆరేడు ఊపులకు లోపల ‘టక్’ అని ఏదో విరిగిన చప్పుడు. ఆ తర్వాత కీ సులువుగా గుండ్రంగా తిరిగింది. పూర్తి చుట్టు మూడు నాలుగు సార్లు, రెండు వైపులా తిప్పి చూడండి. ఎక్కడా పట్టకూడదు. కీ మీద సుత్తితో కొట్టొద్దు, ఇరుసు వంగితే యంత్రం పోయినట్టే.

కొన్ని కొత్త మోడళ్లకు అడుగున ఈ గుంత ఉండదు. వాటిని పై నుంచే తిప్పాలి. చీపురు కట్టె లాంటి గట్టి కర్ర మూతిలోంచి దింపి, పళ్లెం మీది ఊగే ముక్కకు ఆనించి పక్కకు నెట్టండి. ఇనుప కడ్డీ వద్దు. పప్పుగుత్తి అసలే వద్దు. అది విరిగితే ఇరుక్కున్నవి రెండవుతాయి.

ఐదు: విరిగినవన్నీ బయటికి

పళ్లెం వదిలింది కదా అని వెంటనే స్విచ్ వేయాలనిపిస్తుంది. ఆగండి. ఇరుక్కున్నది ఇంకా లోపలే ఉంది. మళ్లీ టార్చి కొట్టి పట్కారుతో ఒక్కొక్కటే తీయండి. ఇనుముదేమో అనుకుంటే దారానికి అయస్కాంతం కట్టి దింపి చూడొచ్చు. కానీ మంచి స్టీలు చెంచాలు చాలావరకు అయస్కాంతానికి అంటవు. వెండి అసలే అంటదు.

వెండి సంగతి ఎందుకంటే, మాకు దొరికింది అదే. మొదట రెండు చింతగింజలు వచ్చాయి, ఒకటి నిలువునా పగిలి ఉంది. వాటి వెనకాల నలుపు తిరిగిన ఒక వెండి మట్టె. పండుగకు తళతళలాడాలని అత్తమ్మ తన మట్టెలు తీసి చింతపండు పిప్పిలో నానేసింది. ఆ గిన్నె పులిహోరకు పులుసు తీసిన గిన్నె అనుకుని నేను సింకులో బోర్లించాను. ఒక మట్టె గిన్నెకే అంటుకుని బతికింది. ‘గందుకే గది మూల్గింది’ అని ఆమె తేల్చేసింది. దొరికిన మట్టె అంచున ఒక నొక్కు పడింది, అంతే.

అన్నీ తీశాక కర్ర కొసతో ఆ రెండు ఊగే ముక్కల్నీ కదిలించి చూడండి. స్వేచ్ఛగా ఊగాలి. ఒకటి బిగుసుకుని ఉంటే దాని కింద ఇంకా పీచు ఉన్నట్టే.

ఆరు: ఎర్ర బటన్

అడుగు భాగంలోనే, లేదా పక్కన కిందివైపు, చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. మోటారు వేడెక్కితే అది దానంతటదే కిందికి పొడుచుకొస్తుంది. మోటారును కాపాడేది అదే. పది, పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి, వేలితో లోపలికి నొక్కండి. టిక్కుమని నిలబడితే మంచిది. నిలబడకుండా మళ్లీ బయటికొస్తే ఇంకా వేడిగా ఉన్నట్టు, మరో అరగంట ఆగండి. అసలే చప్పుడు లేని యంత్రానికైతే చాలాసార్లు ఈ ఒక్క బటనే మందు. అది పడిపోయిందని తెలియక యంత్రాన్ని విప్పించుకున్నవాళ్లున్నారు.

ఏడు: నీళ్లు ముందు, కరెంటు తర్వాత

చన్నీళ్ల కుళాయి పూర్తిగా విప్పండి. ప్లగ్గు పెట్టి, మూతికి ఎదురుగా మొహం లేకుండా పక్కకు జరిగి, రెండు సెకన్లు ఆన్ చేసి ఆపండి. మళ్లీ రెండు సెకన్లు. గరగర శబ్దం మామూలుగా ఉంటే ఇక అలాగే ఓ నిమిషం తిరగనివ్వండి. మళ్లీ మూలిగితే వెంటనే ఆపి నాలుగో పనికి తిరిగి పోవాలి. కీతో సులువుగా తిరుగుతూ, కరెంటు ఇస్తే మాత్రం మూలుగుతుంటే అది జామ్ కాదు. సీలింగ్ ఫ్యానుకు కెపాసిటర్ పోతే చేత్తో తోస్తే గానీ తిరగదు చూడండి, ఇదీ అలాంటిదే. కెపాసిటరో, స్టార్ట్ స్విచ్చో పోయినట్టు. దాన్ని మోటారు పని తెలిసినవాళ్లకు వదిలేయండి.

వేడినీళ్లు కాకుండా చన్నీళ్లే ఎందుకంటే, వేడికి కరిగిన నెయ్యి, నూనె ముందుకు పోయి పైపులో చల్లబడి గడ్డకడతాయి. చన్నీళ్లకు అవి గట్టి ముక్కలుగా నలిగి కొట్టుకుపోతాయి. రోజూ వాడేటప్పుడు కూడా ఇదే లెక్క. గ్రైండర్ ఆపాక ఇంకో పావు నిమిషం నీళ్లు పారనివ్వండి. నీళ్ల పొదుపు కోసం కుళాయి ముందే కట్టేస్తే ఆ నలిగిన ముద్ద పైపు మలుపులోనే కూర్చుంటుంది.

తిరుగుతోంది గానీ నీళ్లు దిగకపోతే

ముందు ప్లగ్గు పీకండి. సింకులో నాలుగు అంగుళాల నీళ్లు ఉంచి, రబ్బరు కప్పు ప్లంజర్‌తో గట్టిగా పది పదిహేను సార్లు కుదపండి. రెండు గదుల సింకైతే రెండో తూముకు తడిగుడ్డ అదిమి పెట్టాలి, లేకపోతే గాలి అటు పోతుంది. దిగకపోతే కింద బకెట్ పెట్టి, వంకర పైపు రెండు చివర్ల మరలు చేత్తో విప్పి దించండి. దుర్వాసన వస్తుంది, ముక్కుకు కొంగు కట్టుకోండి. వాషర్లు ఏ వరుసలో, ఏ వైపు తిరిగి ఉన్నాయో విప్పేముందు ఫోటో తీసి పెట్టుకుంటే మళ్లీ బిగించేటప్పుడు తిప్పలుండవు. బిగించాక కింద పాత పేపరు పరచి నీళ్లు వదలండి. చుక్క పడ్డా పేపరు చెప్పేస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన దగ్గర సింకులకు ముడతలు ముడతలుగా సాగే ప్లాస్టిక్ పైపు పెడతారు. మామూలు సింకుకు అది నడుస్తుంది. గ్రైండర్ కింద మాత్రం అది పనికిరాదు. ప్రతి ముడతలోనూ నలిగిన అన్నం, పప్పు పేరుకుని సిమెంటులా అవుతుంది. మా పైపు విప్పితే లోపల చూపుడువేలు దూరేంత దారి కూడా మిగల్లేదు. నున్నటి పీవీసీ పైపు పెట్టించాక మళ్లీ ఆ గోల లేదు. స్ప్రింగు తీగతో బ్లాకు తీయించేట్టయితే గ్రైండర్ మూతిలోంచి దూర్చనివ్వొద్దు, వంకర పైపు విప్పి గోడవైపు నుంచి దూర్చమనండి.

మన వంటింటి చెత్తలో దీనికి పడనివి

ఈ యంత్రాన్ని అమెరికా వంటింటిని చూసి చేశారు. చింతగింజ, మామిడి టెంక, రేగుగింజ వేస్తే ఇసుర్రాయిలో గులకరాయి వేసినట్టే. మటన్ బొక్కలు కూడా అంతే. దసరాకు, జాతరకు చుట్టాలు నిండినప్పుడు పళ్లేలు దులిపేవాళ్లకు ఎవరు చెప్తారు? అందుకే ఆ రోజుల్లో నేను మూతి మీద జాలి గిన్నె బోర్లిస్తాను.

పీచుది వేరే తంటా. మునక్కాడ పిప్పి, మక్కకంకి పొట్టు, దాని జుట్టు, అరటి తొక్క, కరివేపాకు రెమ్మ నలగవు. తాడులా పేనుకుని ఊగే ముక్కలకు చుట్టుకుంటాయి. ఉల్లిపొర పల్చగా జారి పైపు గోడలకు అంటుకుంటుంది. అన్నం గుప్పెడు పర్వాలేదు, నిన్నటి గిన్నెడు అన్నం మాత్రం వద్దు, నీళ్లు తగిలి ఉబ్బి జిగురవుతుంది. కాగిన నూనె ఎప్పుడూ పోయొద్దు.

అసలు సెప్టిక్ ట్యాంకున్న ఇళ్లవాళ్లు ఇంకొంచెం ఆలోచించాలి. గ్రైండర్‌లో వేసిందంతా ట్యాంకు అడుగుకే చేరుతుంది, తొందరగా నిండి తోడించాల్సి వస్తుంది. మురుగు కాల్వలు తట్టుకోలేవేమోనన్న భయంతో న్యూయార్క్ నగరంలో కూడా చాలాచోట్ల 1997 దాకా ఇళ్లలో దీన్ని వాడనివ్వలేదు. మాదీ ట్యాంకే కాబట్టి తొక్కలు, పిప్పి తడి చెత్త డబ్బాకే పోతాయి. గ్రైండర్‌కు మిగిలేది బాసాన్లకు అంటుకున్న మెతుకులు మాత్రమే.

వాసన వస్తుంటే గుప్పెడు ఐసు ముక్కలు, రెండు చెంచాల రాళ్లుప్పు వేసి తిప్పితే లోపలి జిడ్డు ఊడుతుంది. నిజానికి వాసనలో సగం ఆ రబ్బరు రెక్కల కింది భాగం నుంచే వస్తుంది. ప్లగ్గు పీకి, రెక్కలు తిరగేసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి.

ఎప్పుడు చేతులెత్తేయాలి

కీ పెట్టి ఎంత ఊపినా ఇసుమంత కదలకపోతే, ప్లగ్గు పెట్టగానే ఎంసీబీ పడిపోతుంటే, కాలిన వైండింగ్ వాసన వస్తుంటే ఇక ఇంట్లో చేసేదేమీ లేదు. అడుగు భాగంలోంచి, ఆ ఎర్ర బటన్ పక్క నుంచి నీళ్లు కారుతుంటే లోపలి సీలు పోయినట్టు. మోటారులోకి నీళ్లు దిగుతున్నాయి కాబట్టి దాన్ని ఇక వాడొద్దు, బాగుచేయించడం కన్నా కొత్తది తీసుకోవడమే మేలు. అప్పుడు డాలస్‌లో ఉన్న మేనత్త కొడుకు ‘నేను తెస్తా’ అంటే ముందు దాని మీద రాసిన వోల్టేజీ చూడమనండి. అక్కడి ఇళ్లకు వచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన గోడలో ఉన్నది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఆ మోటారును నేరుగా మన ప్లగ్గులో పెడితే కాలిపోవడానికి చింతగింజ కూడా అక్కర్లేదు.